దాలయ్య పేరిట ఉత్తరాలు

నౌపడ స్టేషనుకీ ఉప్పు కొఠార్లకీ మధ్య ఒక ఇళ్ల వరస ఉండేది. వరస అన్నాను కదా అని గొప్పగా ఊహించుకోకండి. మట్టిగోడలు, తాటాకు కప్పు, మనిషికో గది, గది ముందు చాపెడు అరుగు. కొఠార్లలో ఉప్పు ఎత్తేవాళ్లు, మోసేవాళ్లు అద్దెకుండేవారు. అందులో చివరి గది గురమ్మది. ఆ గది కోసం ఆమె ఇంటి యజమాని కాళ్లావేళ్లా పడింది. ఎందుకంటే దాని అరుగు మీద కూచుంటే కలకత్తా వైపు నుంచి వచ్చే బండి తిన్నగా కనిపిస్తుంది. బండి దిగి నడిచొచ్చేవాడు ఎవడో నడకని బట్టి పోల్చుకోవచ్చు.

ఆమె పోల్చుకోవాలనుకున్న నడక ఒక్కటే. మొగుడు అప్పలసూరిది. అతను రంగం వెళ్లాడు. రంగూనుని మావాళ్లు రంగమే అనేవారు. ఆ రోజుల్లో మా వైపు మగవాళ్లకి రంగం వెళ్లడమంటే చేను మీదికి వెళ్లినంత మామూలు. అక్కడ బియ్యం మిల్లులో పని. కొన్నాళ్లు డబ్బు పంపాడు, ఎవరిచేతో రాయించి ఉత్తరాలూ పంపాడు. ఆ తర్వాత జపానువాళ్లు రంగం మీద బాంబులు వేశారు. అంతే. మనిషీ లేడు, మాటా లేదు.

ఆ ఏడు వేసవంతా అడవుల్లో కాలినడకన పడి వచ్చినవాళ్లు గుంపులు గుంపులుగా రైళ్లలో దిగారు. గురమ్మ అత్తవారి ఊరు టెక్కలి అవతల. అక్కడ కూచుంటే ఏం తెలుస్తుందని మూట కట్టుకుని నౌపడ వచ్చేసింది. దిగిన ప్రతివాణ్ణీ పట్టుకుని అడిగింది. ఎవరూ చూడలేదన్నారు. ఒకడు చూశానన్నాడు గాని, అతను చెప్పిన మనిషికి మెల్లకన్ను. అప్పలసూరికి కళ్లు రెండూ లక్షణంగా ఉంటాయి. వచ్చేవాళ్లు రావడం తగ్గింది, తర్వాత మానేశారు. గురమ్మ మాత్రం కొఠారులో పని సంపాదించుకుని అక్కడే ఉండిపోయింది.

పగలు ఫరవాలేదు. ఉప్పు మడుల్లో ఎండ నెత్తి మాడుస్తుంటే మనిషికి మరో ఆలోచన రాదు. సాయంత్రం ఇల్లు చేరితేనే వచ్చింది చావు. వరసంతా పొయ్యిలు రాజుకునేవి, పిల్లలు ఏడ్చేవారు, మొగుళ్లు అరిచేవారు, పెళ్లాలు తిరిగి అరిచేవారు. గురమ్మ గదిలో మాత్రం ఒక్క మనిషికి సరిపడా గంటి జావ ఉడికేది. ఒక్క మనిషికి వండుకోవడమంత దిక్కుమాలిన పని లోకంలో మరొకటి లేదు. ఆమె చాలాసార్లు ఇద్దరికి వండేసేది, మర్నాడు చద్ది తినేది.

అలా ఉండగా పాత పోస్టు జవాను పని మానుకున్నాడు. అతని స్థానంలో విజయనగరం నుంచి జగన్నాధం అని కొత్తవాడు వచ్చాడు. ఎవరు ఎవరో ఇంకా తెలియదు పాపం. ఒక రోజు ఎండ దిగేవేళ చివరి గది అరుగు దగ్గర ఆగి, సంచిలోంచి ఒక కవరు తీశాడు.

"దాలయ్య ఇల్లు ఇదేనా అమ్మా?"

దాలయ్య అంటే ఆ గదిలో ఇదివరకు అద్దెకున్నవాడు. ఉప్పు బండి తోలేవాడట. ఒంటి మనిషి. ఒక రోజు ఎడ్లని అమ్మేసి ఎటో వెళ్లిపోయాడని ఇంటి యజమాని చెప్పగా గురమ్మ విన్నది. అంతకు మించి తెలియదు.

"దాలయ్య నీ పెనిమిటేనా?" అన్నాడు జగన్నాధం మళ్లీ.

కాదనాలి. కాదంటే ఆ వెనకే "మరి నీ పెనిమిటి పేరేటి?" అని అడుగుతాడు. పెనిమిటి పేరు ఆడది నోటితో ఎత్తదు. ఎత్తితే ఆ మనిషికి ఆయుష్షు తరుగుతుందని ప్రతి తల్లీ కూతురికి చెప్పి పంపేది. అప్పలసూరి ఆయుష్షు ఎక్కడ, ఏ స్థితిలో ఉందో తెలియని గురమ్మ ఆ పేరు ఎత్తుతుందా? పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని తల పక్కకి తిప్పుకుంది. మా వైపు పెళ్లయిన ఆడది అలా తల తిప్పుకుంటే అవునని అర్థం. జగన్నాధం కవరు ఆమె చేతిలో పెట్టి చక్కాపోయాడు.

పిలిచి ఇచ్చేయవలసింది. నిజమే. కాని నూతి దగ్గర నీళ్లు తోడుకుంటున్న బుల్లమ్మ అప్పటికే చూసేసింది. బుల్లమ్మది పక్క గది. నోరు మాత్రం వరసంతటికీ పెద్దది.

"ఓలమ్మో! మన గురమ్మకి ఉత్తరమొచ్చినాదే!"

ఆ కేకతో కడవలు ఎక్కడివక్కడ దింపి ఆడవాళ్లంతా వచ్చి పడ్డారు. ఒకతె కావలించుకుంది. ఒకతె ఏడ్చేసింది. బుల్లమ్మ లోపలికి పరిగెత్తి ఇంత బెల్లం ముక్క తెచ్చి గురమ్మ నోట్లో కుక్కింది. నోట్లో బెల్లం పెట్టుకుని "ఇది నాది కాదు" అని ఎలా చెబుతుంది? బెల్లం కరిగాక చెబుదామనుకుంది. కరిగేలోగా ఎవరో "బతికే ఉన్నాడన్నమాట" అన్నారు. ఆ మాట చెవిన పడగానే గురమ్మకి చెప్పబుద్ధి కాలేదు.

ఉత్తరంలో ఏముందో తెలుసుకోవాలి. ఆమెకి చదువు రాదు. వరసలో ఎవరికీ రాదు. కొఠారు గుమస్తాకి వచ్చు గాని, అతనికి చూపిస్తే దండోరా వేయించినట్టే. గురమ్మ బాగా ఆలోచించి స్టేషనుకి వెళ్లింది. దూరం వెళ్లే ముసలాయన ఒకాయన బండి కోసం ఎదురుచూస్తుంటే చూసి, దగ్గరికెళ్లి కవరు ఇచ్చింది. చదివి, బండెక్కి పోతాడు. ఆమె గుట్టు కూడా ఆయనతోపాటే బండెక్కి పోతుంది.

ఆయన కళ్లకి దూరంగా పట్టుకుని చదివాడు.

"పాతపట్నం నుండి నగరేశ్వరరావు వ్రాయునది. నీవును నీ ఎడ్లును క్షేమముగా ఉన్నారని తలుస్తాను. ఎడ్ల జత నిమిత్తం నా వద్ద తీసుకున్న సొమ్ముకు వడ్డీ ఇంతవరకు ముట్టలేదు. ఇబ్బందిలో ఉన్నావేమో అని ఇంతకాలం ఊరుకున్నాను. ఈ ఏడు వానలు ముందుగా పడేలా ఉన్నవి. ఎడ్లను బురదలో ఎక్కువ తోలవద్దు. నీ కుశలం వెంటనే తెలియజేసి వడ్డీ పంపవలెను."

"అప్పిచ్చిన సావుకారి ఉత్తరమమ్మా ఇది," అన్నాడాయన జాలిగా.

"అవును బాబూ. మొదట్లో ఉన్నాదే, ఆ ముక్క మల్లీ ఓపాలి సదవండి."

"క్షేమముగా ఉన్నారని తలుస్తాను. ఇదేనా?"

"అదే బాబూ."

ఇంటికి వస్తూ ఆ ముక్క మనసులో అనుకుంటూ వచ్చింది. ఎంతకాలమైంది ఆమెని ఎవరైనా క్షేమమా అని అడిగి? కొఠారులో అడిగేది ఎన్ని బుట్టలు ఎత్తావని. అత్తవారు అడిగేది ఎప్పుడు తిరిగొస్తావని. ఎక్కడో పాతపట్నంలో ఒక కోమటాయన, మనిషి బాగుందా, ఎడ్లు బాగున్నాయా అని అడుగుతున్నాడు. తనని కాదు, తెలుసు. అయినా ఆ మాట వచ్చి పడింది తన అరుగు మీద.

"ఏటి రాసినాడే?" అని బుల్లమ్మ అడిగితే, "బాగున్నావా అని అడిగినాడు. వానలు పడతన్నాయా అని అడిగినాడు," అని చెప్పింది. అందులో అబద్ధం ఎంత తక్కువో చూడండి.

అక్కడి నుంచి నెలకో రెండు నెలలకో ఒక కవరు వస్తూ వచ్చింది. నగరేశ్వరరావు కార్డు రాయడు. కార్డయితే దారిలో పదిమందీ చదువుతారు, బాకీ ఉన్నవాడు నలుగురిలో తలెత్తుకోలేడు. ఇంకో అణా పోయినా ఆయన కవరే వేసేవాడు. ఉత్తరాల్లో కోపం కొంచెం కొంచెం పెరిగింది. "జవాబు వ్రాయకుండుట మర్యాద కాదు" అన్నాడు ఒకసారి. "మనిషికి మాట ముఖ్యం" అన్నాడు ఇంకోసారి. కాని ఎంత కోపంలోనూ మొదట క్షేమం అడగకుండా ఉండేవాడు కాదు, చివర్న ఎడ్లకి ఏదో ఒక జాగ్రత్త చెప్పకుండా ఉండేవాడు కాదు. ఒకసారి తనకి దగ్గు పట్టుకుని వదలడం లేదని కూడా రాశాడు. ఆ వారమంతా గురమ్మకి ఆ దగ్గు మీదే బెంగ.

ఇది తప్పని ఆమెకి తెలియకపోలేదు. వాయిదాల మీద వాయిదాలు వేసుకుంటూ ఒక పెద్దమనిషి ఎవరి కోసమో ఎదురుచూస్తున్నాడు, జవాబు రానివ్వకుండా తను మధ్యలో కూచుంది. ఎదురుచూడడం ఎలా ఉంటుందో ఆమెకన్నా తెలిసినవాళ్లెవరు? సిగ్గేసేది. ఈసారి జగన్నాధం వస్తే చెప్పేద్దామనుకునేది. జగన్నాధం వచ్చేసరికి చెయ్యి దానంతటదే చాచుకునేది.

ఆ ఉత్తరాల వల్ల ఇంకో పని కూడా జరిగింది. అసిరయ్య ఆగాడు.

అసిరయ్య అప్పలసూరి తమ్ముడు. చెడ్డవాడని అనుకోకండి, అనుకుంటే పాపం. వచ్చినప్పుడల్లా వదినకి బియ్యమో చోళ్లో తెచ్చేవాడు, గది కప్పు కారుతుంటే తనే ఎక్కి తాటాకు సర్దేవాడు. వెళ్లేముందు మాత్రం అరుగు అంచున కూచుని నేల మీద గీతలు గీసేవాడు. అతను అడగదలుచుకున్నది ఒక్కటే. అన్నకి కర్మ చేద్దామని. మనిషి దొరకనప్పుడు గడ్డితో బొమ్మ కట్టి దహనం చేస్తారు. పదోనాడు భార్యకి గాజులు తీస్తారు, పుస్తె తీస్తారు. ఆ తర్వాత ఆమె మారుమనువుకి వెళ్లినా ఆ కులంలో తప్పు పట్టేవాళ్లు లేరు. అంటే అసిరయ్య ఆమెకి చెడు చేయబోవడం లేదు. కాని ఆ గడ్డిబొమ్మకి నిప్పు పెట్టనిస్తే అప్పలసూరిని తన చేతులతో చంపినట్టేనని గురమ్మ అనుకుంది.

ఉత్తరాలు వస్తున్నాయని తెలిసిన రోజు అసిరయ్య మొహం చూడాలి. ఊరు ఊరంతా చెప్పుకున్నాడు. ఎక్కడున్నాడు, ఎందుకు రాడు అని అడిగినవాళ్లకి యుద్ధం కదా అని తనే సర్దిచెప్పాడు.

"ఒదినా, ఒక్కపాలి సదివించుకుంతాను, ఇలాగియ్యి."

"మొగుడూ పెల్లాల ఉత్తరం నీకెందుకురా? సిగ్గునేదూ?"

అసిరయ్య నిజంగానే సిగ్గుపడి చేతులు వెనక్కి తీసుకున్నాడు.

రెండు వానాకాలాలు అలా గడిచాయి. తర్వాత దసరా ముందు నుంచి ఉత్తరాలు ఆగిపోయాయి.

మొదట్లో గురమ్మ పట్టించుకోలేదు. దగ్గు ఎక్కువైందేమో అనుకుంది. దీపావళి వెళ్లింది, కార్తీకం వెళ్లింది. జగన్నాధం రోజూ వరస ముందు నుంచి వెళ్తూ "ఏటీ లేదమ్మా" అని దూరం నుంచే చెయ్యి ఆడించేవాడు. బుల్లమ్మ అడగడం మానేసింది. బుల్లమ్మ అడగడం మానేసిందంటే ఊళ్లో ఏదో అనుకుంటున్నారన్నమాట. గదిలో నిశ్శబ్దం మునుపటికన్నా బరువుగా ఉంది. అప్పలసూరి ఉత్తరాలు ఆగిపోయినప్పుడు ఎలా ఉండేదో ఇప్పుడూ అలాగే ఉంది. తన మనిషికి, పరాయి సావుకారికి తేడా లేకుండా పోయిందేమిటని తనని తనే తిట్టుకుంది.

పుష్యంలో అసిరయ్య వచ్చాడు. ఈసారి గీతలు గీయలేదు. తిన్నగా చెప్పాడు.

"అన్నియ్య కాడ్నుంచి కబురాగిపోయినాదట కదా ఒదినా. బుల్లమ్మప్ప సెప్పింది. నాను పంతులుగారినడిగినాను. మాఘంలో మంచి రోజున్నాదట."

"ఉత్తరం వస్తాదిరా. యుద్ధం కదా. ఆలీసం అవుతాది."

"మాఘం లోపల వస్తే సరే. రాకపోతే ఇంక నువ్వు కాదనకూడదు. ఆడు నాకూ అన్నే కదొదినా. ఎన్నాలని ఆడ్నిలగ ఒగ్గీమంతావు?"

అసిరయ్య వెళ్లిపోయాక గురమ్మ అరుగు మీద కూచుని లెక్క వేసుకుంది. మాఘం లోపల ఉత్తరం రావాలి. ఎక్కడి నుంచి వచ్చినా సరే. అప్పిచ్చినవాడు ఎందుకు రాయడం మానేస్తాడు? ఇక రాదని ఆశ వదులుకుంటే మానేస్తాడు. ఆశ కలిగిస్తే మళ్లీ రాస్తాడు. కొంచెం వడ్డీ చేతిలో పడితే ఏ సావుకారైనా ఇంకో ఉత్తరం ముక్క రాయకుండా ఉండడు. ఇంత తెలివైన ఆలోచన తనకెలా వచ్చిందని ఆమెకే ఆశ్చర్యమేసింది.

మర్నాడు పని మానేసి, కొంగున రెండు రూపాయలు ముడేసుకుని పాతపట్నం వెళ్లే చిన్న రైలెక్కింది. ఆ బండి ఎడ్లబండితో పందెం వేసుకున్నట్టు నడుస్తుంది. ఏం మాట్లాడాలో వల్లెవేసుకోవడానికి బోలెడంత సమయం దొరికింది. "బాబూ, కొంచెం కొంచెంగా తీరుస్తాం. మీరు మాత్రం ఉత్తరాలు మానకండి." ఇదీ ఆమె కట్టుకున్న మాట. నెలకో రూపాయి చొప్పున పరాయివాడి ఎడ్ల బాకీ తను ఎన్నేళ్లు కట్టాలో ఆలోచించలేదు. కట్టినన్నాళ్లూ ఉత్తరాలొస్తాయి, అంతే చాలు.

నగరేశ్వరరావు కొట్టు వెతుక్కోవలసిన పని లేకపోయింది. బజార్లో ఎవర్నడిగినా చెప్పారు. బెల్లం దిమ్మలు, చింతపండు బుట్టలు, కొండవాళ్లు తెచ్చి అమ్మిన అడ్డాకుల కట్టలు. వాటి మధ్య పరుపు మీద ఒక పీలమనిషి కూచుని ముక్కు చీదుకుంటున్నాడు. గురమ్మ మనసులో ఆయన్ని ఇంత ఎత్తున, ఇంత లావున ఊహించుకుంది. మీసాలు కూడా పెట్టింది. ఈయనకి మీసాలు లేవు. దగ్గు మాత్రం ఉంది. ఆ దగ్గు వినగానే ఎన్నాళ్లనుంచో ఎరిగున్న మనిషిని చూసినట్టై ఆమెకి కళ్లు చెమర్చాయి.

"ఏటమ్మా కావాలి?"

"నౌపడ నుంచొచ్చినాను బాబూ. ఎడ్ల బాకీ తాలూకు." కొంగు ముడి విప్పి రూపాయలు రెండూ ఆయన ముందు పెట్టింది.

ఆయన వాటిని చూశాడు గాని ముట్టుకోలేదు.

"నౌపడ ఎడ్ల బాకీ అంటే దాలయ్యదే కదా. నువ్వు ఆడికేటవుతావు?"

దారి పొడుగునా ఇన్ని మాటలు వల్లెవేసిన మనిషి ఈ ఒక్క ప్రశ్న ఊహించలేదు. చెల్లెలినందామా? చెల్లెలు ఇంకో ఇంట్లో ఉంటుంది, దాలయ్య గదికి రాసిన ఉత్తరాలు ఆమెకెలా అందుతాయి? గురమ్మ పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని తల తిప్పుకుంది. జగన్నాధం అడిగిన రోజు తెలియక తిప్పుకుంది. ఈసారి తెలిసే తిప్పుకుంది.

"పెల్లముందని ఎప్పుడూ సెప్పనేదే," అని గొణిగాడు నగరేశ్వరరావు. పరుపు మీంచి లేచాడు. బేరం వచ్చిందంటే భోజనానికి కూడా లేవని మనిషి అలా లేచేసరికి, బెల్లం తూయించుకుంటున్నవాళ్లు తలలు తిప్పి చూశారు.

"ఇక్కడ కాదమ్మా. పెరట్లోకి రా." లోపలికి తిరిగి, "పార్వతీ, ఇలాగోసారి రా," అని పిలిచాడు.

ఇంటి వెనక పెరడు, పెరట్లో నుయ్యి. ఆయన భార్య పార్వతీదేవి తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. నగరేశ్వరరావు గురమ్మ మొహంలోకి చూడలేక నూతి గిలక వైపు చూస్తూ మొదలుపెట్టాడు.

"నువ్వున్నావని నాకు తెల్దమ్మా, తెలిస్తే కబురంపీవోన్ని. ఆడికెవరూ నేరనుకుని ఉత్తరాలాపేసినాను. పోయిన మనిషి పేరున ఉత్తరం రాయకూడదు కదా."

గురమ్మకి అర్థం కాలేదు.

"నీ మనిషి లేడమ్మా. అస్సాంలో మిలిటరీ రోడ్డు పనికెల్లాడట. అక్కడ జరమొచ్చి పోయినాడు. కూడా పని సేసినోడు దసరా ముందు ఈ ఊరొచ్చి నాతో సెప్పినాడు."

నీ మనిషి లేడమ్మా. ఇన్నేళ్లలో ఆ మాట ఆమెతో ఎవరూ అనలేదు. అసిరయ్య "అన్నియ్య సంగతి" అనేవాడు. బుల్లమ్మ "దేవుడున్నాడు" అనేది. స్టేషన్లో దిగినవాళ్లు "తెలియదు" అనేవారు. అందరూ ఆ మాట చుట్టూ తిరిగి వెళ్లారు. ఈయన తెలియక తిన్నగా అనేశాడు. గురమ్మ నేల మీద కూలబడి గొంతెత్తి ఏడ్చింది. ఏడుపు మొదలై చాలాసేపయ్యాక గాని చచ్చిపోయినవాడు దాలయ్య అని గుర్తు రాలేదు. గుర్తొచ్చినా ఏడుపు ఆగలేదు.

"అడివిలోనా బాబూ?" అని అడిగింది. "నడిసొస్తూ పడిపోయినాడా?"

"అడివి కాదమ్మా. పని కాడే, పాకలో."

"ఆకలితోనా బాబూ?"

"నేదమ్మా. తిండి పెట్టేవోరట."

"దగ్గిరెవులైనా ఉన్నారా? ఒక్కడే ఉన్నాడా?"

"ఉన్నారమ్మా. కూడా ఉన్నోల్లే కట్టెలు పేర్సినారట. ఒక్కడూ పోనేదు. అది మాత్తరం నిజం."

ఆ మాటకి ఆమె రెండు చేతులూ ఎత్తి ఆయనకి దణ్ణం పెట్టింది. నగరేశ్వరరావు ఇంక నిలబడలేకపోయాడు. "నోటు సించేస్తానమ్మా. బాకీ నేదు, ఏటీ నేదు. నీ రూపాయలు తీసుకెల్లు," అని భార్యకి సైగ చేసి, దగ్గుతూ కొట్లోకి వెళ్లిపోయాడు.

పార్వతీదేవి వచ్చి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. కోమట్ల ఇల్లాలు, మడీ తడీ చూసుకునే మనిషి, అవేమీ చూసుకోలేదు.

"లే తల్లీ. సావు కబురిన్నాక తలమీద నీల్లు పడకుండా గడప దాటకూడదు. రా, నాను పోస్తాను."

నూతి పక్క బట్టలుతికే బండ మీద కూచోబెట్టింది. నీళ్లు తోడి, కడవతో నెత్తిమీద పోసింది. పుష్యమాసపు నీళ్లు, ప్రాణం జివ్వుమంది. జుట్టు, రవిక, కట్టుకున్న కోక అన్నీ ఒంటికి అంటుకుపోయాయి. గురమ్మ వణుకుతూ, కళ్లు మూసుకుని, ఆ కడవ అయ్యేవరకూ కదలకుండా కూచుంది.

"ఇంత సిన్నదానివి," అంది పార్వతీదేవి ముక్కు చీదుకుంటూ. "పిల్లలున్నారా?"

"నేరమ్మా." గురమ్మ మొహం మీది నీళ్లు తుడుచుకుంది. ఈ తల్లికి అబద్ధం చెప్పడం ఆమె వల్ల కాలేదు. "అమ్మగారూ, ఆ దాలయ్య నా మనిషి కాడు."

"ఏటీ?"

"ఆడెవులో నాకు తెల్దు. కంటితో సూడనేదు. ఆడు కాలీ సేసిన గదిలో నానుంతన్నాను. ఆడి ఉత్తరాలు నాకిచ్చీవోరు. నాను కాదనకుండా తీసుకున్నాను. తప్పే. ఉత్తరమొచ్చిందంటే నా మనిషి ఉన్నాడని అందరూ అనుకునీవోరు. నానూ అనుకునీదాన్ని."

"మరి నీ మనిషెక్కడ?"

"రంగమెల్లాడు."

పార్వతీదేవి ఇంకేం అడగలేదు. రంగం పేరు చెప్పాక అడగడానికి ఏముంటుంది? ఆ వీధిలోనే నాలుగిళ్ల వాళ్లు రంగంలో మనుషుల్ని పోగొట్టుకున్నారు. ఖాళీ కడవ నడుముకి ఆనించుకుంది. కోపం తెచ్చుకోవాలో జాలిపడాలో ఆమెకి తోచలేదు. చివరికి మెల్లిగా అంది.

"అయితే నీకీ నీల్లు అక్కర్నేదు కదే. పొడిబట్ట ఇస్తాను, కట్టుకుని ఎల్లు. ఉత్తరాల సంగతి నాను ఎవులికీ సెప్పనులే."

గురమ్మ బండ మీంచి లేవలేదు. తడిసిన గాజులు ముంజేతికి అంటుకుని ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటే వదులు చేసుకుంది.

"ఇంకో కడవ పొయ్యండమ్మా," అంది. "ముందరిది దాలయ్యది. పాపం ఆడికి ఏడ్సీవోలు ఎవులూ నేరు. ఇది నా మనిషిది."

పార్వతీదేవి చేద నూతిలోకి వదిలింది.